ప్రోలాగ్‌లో రీసెర్చ్ చేస్తే అన్నం పెడుతుందా? పాతికేళ్లుగా ఆ అన్నమే తింటున్నవాడి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భీమవరంలో సీఎస్ఈ మూడో సంవత్సరం. ఏఐ సబ్జెక్టులో ప్రోలాగ్ (సంగతులూ నియమాలూ రాసిస్తే జవాబు తానే వెతుక్కునే ప్రోగ్రామింగ్ భాష) ఒక్క యూనిట్ చెప్పి వదిలేశారు, మిమ్మల్ని మాత్రం అది వదల్లేదు. లాజిక్ ప్రోగ్రామింగ్, సెమాంటిక్ రీజనింగ్ (మాటల అర్థాన్ని బట్టి యంత్రం చేత తర్కం చేయించడం) వైపు పీహెచ్‌డీ చేద్దామనుకుంటే ఇంట్లో "అన్నం పెట్టే చదువేనా?" అంటున్నారు. చాట్‌జీపీటీ వచ్చాక లాజిక్ ఎవడికి కావాలని స్నేహితులు నవ్వుతున్నారు. ఈ దారిలో నడిచినవాళ్లెవరైనా తమ అనుభవం చెప్పమన్నారు. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయని కూడా ఒక ముక్క రాశారు. ఆ ముక్క నాకు చివర్లో పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. అన్నం పెడుతుంది, కానీ నేరుగా కాదండి. నాకు నెలనెలా జీతం తెచ్చింది డేటాబేస్ పాఠం, కంపైలర్ల పాఠం. ప్రోలాగ్ పాఠం చెప్పమని నన్ను పిలిచింది ఇన్నేళ్లలో ఒక్కసారే, అదీ చెప్పాల్సిన మాస్టారు లాంగ్ లీవ్ పెట్టారని. నాతో బీటెక్ చదివినవాళ్లు హైదరాబాద్‌లో విల్లాలు కొన్నారు, నేను ఫ్లాట్ కొన్నాను. ఏడుస్తూ చెప్పడం లేదు, మీ ఇంట్లోవాళ్లకి చూపించడానికి లెక్క చెబుతున్నాను.

నేను కాకినాడలో బీటెక్ అయ్యి ఎంటెక్‌లో చేరింది 1995లో. అప్పటికే ఈ రంగం పని అయిపోయిందనేవారు. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో కోల్మెరోవర్, రూసెల్ ప్రోలాగ్ తయారుచేశారు. తర్కంలో ఒక రకం వాక్యాలని ప్రోగ్రాముగా నడపొచ్చని ఎడిన్‌బరోలో కొవాల్‌స్కీ చూపించాడు. 1982లో జపాన్ ప్రభుత్వం 'ఐదో తరం కంప్యూటర్లు' అంటూ పదేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టి లాజిక్ ప్రోగ్రామింగ్‌నే పునాదిగా వేసుకుంది. మిగతా దేశాలు కంగారుపడి డబ్బులు కుమ్మరించాయి. పదేళ్లు తిరిగేసరికి మామూలు కంప్యూటర్లే చవగ్గా, వేగంగా తయారయ్యాయి, ఆ ప్రత్యేక యంత్రాలు కొనే నాథుడు లేడు. నేను ఇందులో పీహెచ్‌డీకి వెళ్తానంటే మా మాస్టారొకరు "కోతలైపోయిన చేలోకి పరిగె ఏరుకోవడానికి పోతున్నావురా" అన్నారు. మన వైపువాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే ఆ పరిగెలో దొరికిన ఒక్క మాటతోనే నా సర్వీసంతా గడిచింది. ఆ మాట 'లేదు'.

ప్రోలాగ్‌లో \+ గుర్తు మీరు చూసే ఉంటారు. ఒక సంగతిని రుజువు చేయడానికి అన్ని దారులూ వెతికి, ఏదీ తెరుచుకోకపోతే అది అబద్ధమని తీసుకుంటుంది. దొరకలేదు కాబట్టి లేదు. 1978లో కీత్ క్లార్క్ దీనికి తర్కం వైపు నుంచి అర్థం చెప్పాడు. మనకు తెలిసిన ఉదాహరణే చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదాన్ని రాద్దాం (:- గుర్తుని 'ఎప్పుడంటే' అని చదువుకోండి):

హెచ్చరిక(మొదటిది) :- మట్టం(ధవళేశ్వరం, _అ), _అ >= 11.75.
క్షేమం :- \+ హెచ్చరిక(_).

(ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌లో ఇలా తెలుగులోనే రాయొచ్చు. చలరాశి పెద్దక్షరంతో మొదలవ్వాలి, మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కదా, అందుకని ముందు అండర్‌స్కోర్ తగిలించాలి.)

మట్టం 10 అడుగులని ఇస్తే క్షేమం అంటుంది, 12 అంటే అనదు. బాగానే ఉంది. అసలు మట్టమే ఇవ్వకండి, గేజి చూసే మనిషి ఆ రోజు రాలేదనుకోండి. అప్పుడు కూడా 'క్షేమం' అనే అంటుంది! (మట్టం అనేదాన్ని డైనమిక్, అంటే నడుస్తుండగా మారే సమాచారం, అని ముందే ప్రకటిస్తే. ప్రకటించకపోతే ఎర్రర్ కొడుతుంది. ఇలాంటి చోట ఆ ఎర్రరే నయం.)

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన కోనసీమలో ఒక కాలువ లాకు మీద లస్కరు, అంటే నీటి తలుపులు చూసుకునే ఉద్యోగి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీళ్లు లాకు తర్వాత లాకు దాటుకుంటూ మా ఊరికొచ్చేవి. లాకు గదిలో గోడకి ఫోను, బల్ల మీద పొడుగాటి రిజిస్టరు. గేజి చూసి అడుగులూ అంగుళాలూ ఒక గడిలో రాయాలి, పై లాకు నుంచి వచ్చిన కబురు పక్క గడిలో రాయాలి. ఏ కబురూ రాకపోతే నాన్న ఆ గడిలో "కబురు లేదు" అని రాసేవారు. అంటే పైన మార్పేమీ చేయలేదని, తలుపులు ఉన్నవి ఉన్నట్టు ఉంచమని. సార్వాకీ దాళ్వాకీ ఆ రెండు మాటల మీదే మా కింద ఊళ్లు తడిసేవి. పైన తలుపులు ఎత్తితే ఫోన్ చేసి తీరతారు, అందుకే చెయ్యలేదంటే ఎత్తలేదనే లెక్క. మా పుస్తకాల్లో దీన్ని క్లోజ్డ్ వరల్డ్ అంటారు: తెలిసిందంతా ఇక్కడే ఉంది, ఇక్కడ లేనిది లోకంలోనూ లేదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. దీపావళికని నేను ముందే ఇంటికొచ్చి ఉన్నాను. తెల్లారేసరికి మా వీధిలో నిలబడ్డ కొబ్బరిచెట్టు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నాన్న లాకు గదికి వెళ్లి ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డారు. గుర్రుమనే చప్పుడు కూడా లేదు. రిజిస్టరు అట్ట తడిసి ఉబ్బింది గానీ లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. గేజి రాశారు, పక్క గడి దగ్గర పెన్ను ఆపారు. "కబురు లేదని రాసెయ్ నాన్నా" అన్నాను. నా వంక చూసి "కబురు లేదని ఎలా అవుతుందిరా, ఫోనే లేదు గదా" అని, "తెలియదు" అని రాశారు. ఆ రిజిస్టర్లో ఆ మాట చూడడం నాకు అదే మొదలు. తర్వాత ఇద్దరం గట్టు వెంట పై లాకుకి నడిచాం. ఐదు కిలోమీటర్లు, పడ్డ చెట్లు ఎక్కుతూ దిగుతూ వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు నాకు లాజిక్ గీజిక్ ఏమీ తట్టలేదు, కాళ్లు పీకాయంతే.

తట్టింది 1998లో పీహెచ్‌డీకి అమెరికా వెళ్లాక. మా గైడు నా చేతికిచ్చిన మొదటి సమస్య, 'లేదు' 'లేదు'లు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే ఏం చెయ్యాలన్నది. పెళ్లి భాషలో చెబుతాను. మాటల్లేని ఇద్దరు బావలున్నారు. చినబావ రాకపోతే పెదబావ వస్తాడు, పెదబావ రాకపోతే చినబావ వస్తాడు:

వస్తాడు(పెదబావ) :- \+ వస్తాడు(చినబావ).
వస్తాడు(చినబావ) :- \+ వస్తాడు(పెదబావ).

మామూలు ప్రోలాగ్‌ని పెదబావ వస్తాడా అని అడగండి. చినబావని అడగాలంటుంది, వాడిని అడిగితే పెదబావని అడగాలంటుంది, మెమరీ అయిపోయేదాకా అదే పని. 1988లో ఈ చిక్కుకి రెండు జవాబులొచ్చాయి. గెల్ఫాండ్, లిఫ్షిట్జ్‌ల స్టేబుల్ మోడల్ పద్ధతిలో రెండు నిలకడైన లోకాలు వస్తాయి: ఒకదాంట్లో పెదబావ పెళ్లిలో ఉంటాడు, ఇంకోదాంట్లో చినబావ ఉంటాడు. వాన్ గెల్డర్, రాస్, ష్లిఫ్‌ల వెల్-ఫౌండెడ్ పద్ధతి ఏ పక్షమూ పట్టదు. నిజం, అబద్ధం అనే రెండింటి పక్కన 'అనిర్ధారితం' అని మూడో విలువ పెట్టి, ఇద్దరినీ అందులో వేస్తుంది.

ఆ మూడో గడి చూసినప్పుడు నాన్న రిజిస్టరు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, కొన్ని నెలలు తప్పుదారి కూడా పట్టాను. వెల్-ఫౌండెడ్‌లో 'అనిర్ధారితం' పుట్టేది సమాచారం అందక కాదు, నియమాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం వల్ల. నాన్న రాసిన 'తెలియదు' వేరు, అది తీగ తెగడం వల్ల వచ్చింది. ఈ రెండూ ఒకటేనని రాసిన నా మొదటి పేపర్ని రివ్యూయర్ నాలుగు లైన్లలో ఉతికి ఆరేశాడు. ఉతికినందుకు ఇప్పటికీ ఆయనకి దణ్ణం పెడతాను, ఆయనెవరో తెలియదు గానీ.

పీహెచ్‌డీలో మిగతా పని టేబ్లింగ్ మీద. వేసిన ప్రశ్ననీ వచ్చిన జవాబునీ పట్టికలో రాసుకుని, అదే ప్రశ్న మళ్లీ వస్తే చుట్టూ తిరక్కుండా పట్టిక చూసుకోవడం. అమెరికాలో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో పుట్టిన ఎక్స్‌ఎస్‌బీ అనే ప్రోలాగ్‌లో ఇది చక్కగా ఉంటుంది, ఎస్‌డబ్ల్యూఐలోకీ వచ్చింది. మన వరసలతో ప్రయత్నించండి, ఎందుకు కావాలో ఇట్టే తెలుస్తుంది. పెదనాన్న పిల్లలు అన్నదమ్ములు, మేనమామ పిల్లలు బావా మరదళ్లు, ఆ వరస తరాలు దాటినా సాగుతూనే ఉంటుంది. 'నేను నీకు అన్నదమ్ముణ్ణయితే నువ్వూ నాకు అంతే' అని ఒక్క నియమం రాశారో, ప్రోలాగ్ గిరగిరా తిరుగుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో కజిన్ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు, అంచేత వాళ్లకి అసలు కష్టమే కనబడదు.

2001 మే నెలలో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, హెండ్లర్, లసిలా కలిసి సెమాంటిక్ వెబ్ గురించి ఒక వ్యాసం రాశారు. వెబ్ పేజీల్లోని అర్థం యంత్రాలకి కూడా తెలియాలన్నది దాని సారం. మావాళ్లలో సగం మంది అటు వెళ్లాం, గ్రాంట్లూ అక్కడే ఉన్నాయి లెండి. 2004లో అందుకోసం ఔల్ (OWL) అనే భాష ప్రమాణంగా వచ్చింది. ఔల్‌ది మాకు పూర్తిగా ఎదురు మతం: చెప్పనిది అబద్ధం కాదు, తెలియదంతే. ఓపెన్ వరల్డ్. ప్రోలాగ్‌వాళ్లకీ ఔల్‌వాళ్లకీ కాన్ఫరెన్సు భోజనాల దగ్గర జరిగిన వాదనలు మన సంక్రాంతి పందేలకి తీసిపోవు. రెండు జట్ల మధ్యా నేను అటూ ఇటూ తిరిగాను. ఎవరు కరెక్టో తేల్చింది మాత్రం ఒక నర్సు.

అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. ఒక ఆసుపత్రితో కలిసి మందుల సలహా ఇచ్చే ప్రోటోటైపు కట్టాం. రోగి రికార్డు చూసి, ఈ మందు ఇవ్వొచ్చా, దేనితోనైనా పడదా అని చెప్పాలి. నా విద్యార్థి చాలా ముచ్చటగా రాశాడు: పెన్సిలిన్ పడదని రికార్డులో లేకపోతే ఇవ్వొచ్చు. పాత రికార్డులు పేర్లు తీసేసి ఇచ్చారు, వాటి మీద నడిపి చూపిస్తున్నాం. వెనక నిలబడ్డ సీనియర్ నర్సొకావిడ "ఆ గడి ఖాళీగా ఉందంటే అలర్జీ లేదని కాదు సార్, రాత్రి డ్యూటీలో అడగలేదని" అంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అసలు రోగుల మీద పెట్టకముందే బయటపడింది కాబట్టి బతికిపోయాం. నాకైతే చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డ నాన్న కనబడ్డారు. పన్నెండేళ్ల పాటు 'లేదు' మీద పేపర్లు రాసి, నా ల్యాబ్‌లోనే ఆ తప్పు జరిగింది.

దీనికి మందు అప్పటికే ఉంది. గెల్ఫాండ్, లిఫ్షిట్జ్ 1991లో 'ఉందని తెలియదు', 'లేదని తెలుసు' అనే రెండు రకాల 'లేదు'ల్ని ఒకే ప్రోగ్రాములో పెట్టారు. ఏఐకి ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ వాళ్లకి సూచించిన ఉదాహరణ మా రంగంలో అందరం చెబుతాం: బస్సు రైలు పట్టాలు దాటాలి. 'రైలు వస్తోందని తెలియకపోతే దాటు' అని ఒక నియమం. 'రైలు రావడం లేదని తెలిస్తే దాటు' అని ఇంకోటి. మన పిల్లలు ఎక్కిన బస్సు డ్రైవరు ఏది పాటించాలో వేరే చెప్పాలా? మా నియమాన్నీ అలాగే మూడు ముక్కలు చేశాం. అలర్జీ లేదని రాసి ఉంటే ఇవ్వు, ఉందని రాసి ఉంటే ఇవ్వకు, ఏదీ రాసి లేకపోతే అడుగు. కోడు మార్చడానికి ఒక పూట పట్టింది. ఏయే గడుల్లో ఖాళీ అంటే 'లేదు', ఏయే గడుల్లో ఖాళీ అంటే 'తెలియదు' అని వార్డు వార్డూ తిరిగి కనుక్కోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. సెమాంటిక్ రీజనింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్న పనిలో అసలు పని ఇదేనండి. ఆ పద్నాలుగు నెలల మీద ఒక్క పేపరూ రాలేదు, ప్రమోషన్ ఫైల్లో ఆ ఏడాది ఖాళీ గడే.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇంకో సుఖం ఉంది. బళ్లో సంధులు నేర్చుకున్నాం కదా: ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం, అత్వసంధి బహుళం. నిత్యం అంటే మినహాయింపు లేని నియమం. వైకల్పికం అంటే ఏమంటివి అన్నా సరే, ఏమియంటివి అన్నా సరే, అంటే రెండు స్టేబుల్ మోడల్స్! ఇక బహుళం ఉంది చూశారూ, ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండూ సరే, ఒకచోట ఇంకేదో జరుగుతుంది. మా రంగంలో డిఫాల్టులు (వేరే చెప్పకపోతే వర్తించే నియమాలు), మినహాయింపులు అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నది దీని గురించే. నా దగ్గర రీసెర్చ్‌కి చేరినవాళ్లకి మొదటి అసైన్‌మెంట్ అత్వసంధే ఇస్తాను. ఎన్‌ఆర్‌ఐ పిల్లలైతే ఏడుస్తారు.

ఇప్పుడు చాట్‌జీపీటీ సంగతి. మీ స్నేహితులది ఉట్టి వెటకారం అని కొట్టిపారేయను. మేం ముప్పై ఏళ్లు తంటాలు పడ్డ కొన్ని పనులు, ముఖ్యంగా మామూలు వాక్యంలోంచి అర్థం లాగడం, అది చిటికెలో చేస్తోంది. ఆ ముక్క మీద పీహెచ్‌డీ మొదలుపెట్టొద్దు. కానీ దానికి 'తెలియదు' అనడం సరిగ్గా రాదు. నేను చూసినంతలో ఇంకో జబ్బు కూడా ఉంది: రైతుకిచ్చే సలహా పేరా ఒకటి ఇచ్చి నియమాలుగా మార్చమంటే, నియమాలు శుభ్రంగా రాస్తుంది, 'అయితే' అని మొదలయ్యే మినహాయింపుల్లో ఒకటో రెండో మింగేస్తుంది. అందుకే రెంటినీ జోడించే పని జోరుగా సాగుతోంది. 2024 జనవరిలో గూగుల్ డీప్‌మైండ్ తెచ్చిన ఆల్ఫాజామెట్రీలో గీత ఎక్కడ గీయాలో భాషా మోడల్ ఊహిస్తుంది, రుజువు మాత్రం నియమాలతో తర్కించే సింబాలిక్ ఇంజనే చేస్తుంది. ఒలింపియాడ్ లెక్కలు 30 ఇస్తే 25 చేసింది. డల్లాస్‌లో గోపాల్ గుప్తా బృందం ఎస్‌క్యాస్ప్ అనే వ్యవస్థతో, జవాబు ఎందుకొచ్చిందో కారణాలతో సహా చూపించే పని చేస్తోంది. అది చూడండి, మీకు నచ్చుతుంది.

కంపెనీలు లాజిక్ వాడవనే మాట నమ్మకండి, ఆ పేరుతో వాడవు, అంతే. జావా వర్చువల్ మెషీన్ నిర్దేశ పత్రంలో టైపులు సరిచూసే నియమాలు రాసింది ప్రోలాగ్‌లోనే. ఎర్లాంగ్ భాష మొదట ప్రోలాగ్ మీదే పుట్టింది. కోడ్‌లో భద్రతా లోపాలు వెతికే కోడ్‌క్యూఎల్ వెనక ప్రోలాగ్‌కి తమ్ముడైన డేటాలాగ్ భాష ఉంది. వైద్య పదాల స్నోమెడ్ సీటీలో మూడున్నర లక్షలకి పైగా భావనలున్నాయి, వాటి వర్గీకరణ నిలబడేది ఔల్‌కి కూడా పునాది అయిన డిస్క్రిప్షన్ లాజిక్ మీద. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ప్రోలాగ్ అనకండి, డేటాలాగ్ అనండి, స్టాటిక్ అనాలిసిస్ (కోడ్‌ని నడపకుండానే పరీక్షించడం) అనండి. నా విద్యార్థుల్లో ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నవాడు ఒక్కడూ లేడు.

పీహెచ్‌డీకి అప్లై చేసేలోపు మూడు నాలుగు పనులు చేస్తే చాలు. ప్రోలాగ్‌లోనే ప్రోలాగ్‌ని నడిపే చిన్న ఇంటర్‌ప్రిటర్ రాయండి, మూడు నాలుగు లైన్లలో అయిపోతుంది. క్లింగో (స్టేబుల్ మోడల్స్ వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) దించుకుని మీ కాలేజీ టైమ్ టేబుల్ వేయించండి. ఫస్ట్ ఆర్డర్ లాజిక్, ఫిక్స్‌డ్ పాయింట్లు ఈ రెండూ లెక్కల మాస్టారి దగ్గర కూర్చుని గట్టిగా నేర్చుకోండి, ఇక్కడ కక్కుర్తి పడితే మూడో ఏడు ఏడిపిస్తుంది. గైడుని ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్లకంటే ముందు ఆయన దగ్గర చదివి బయటికొచ్చినవాళ్లకి ఫోన్ చేయండి.

చివరి పనికి మీరు ఊరు దాటి వెళ్లక్కర్లేదు. ఒక వారం తెల్లవారుజామున మూడున్నరకి నాన్నగారి వెంట చెరువు గట్టుకి వెళ్లండి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సూర్యోదయానికి ముందే కదా. ఏరియేటర్ ఎప్పుడు వేస్తున్నారో, మేత ఎప్పుడు ఆపుతున్నారో, మబ్బేసిన రోజు ఏం మారుస్తున్నారో చూడండి. ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాయండి, మీ భాషలోకి మార్చొద్దు. మీటరు చూడకుండా "పర్లేదులే" అన్నప్పుడల్లా, దేన్ని బట్టి అన్నారో అడగండి. కాస్త విసుక్కుంటారు, పట్టించుకోకండి. వారం అయ్యాక ఆ నోట్‌బుక్‌లో "ఒక్కోసారి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి నాకు ఇక్కడే రాయండి, పీహెచ్‌డీ టాపిక్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.